కయోటీ బోనులు – అనుద్దిష్ట జంతువుల రక్షణము: ఒక చారిత్రక పరిశీలనము

ఉత్తర అమెరికా ఖండమున పశుపాలకులకును, కయోటీ అను జంతువునకును నడచిన సుదీర్ఘ సంఘర్షణమును గూర్చి ఆ దేశమున విస్తారమైన వాఙ్మయము వెలసినది. అందు అధికభాగము రెండు ప్రశ్నల చుట్టును తిరుగుచుండును. కయోటీ వలన గొఱ్ఱెల మందలకు కలుగు నష్టమెంత? ఆ నష్టమును నివారించుటకై కయోటీలను చంపుట ఎంతవరకు సమంజసము? ఈ రెండింటి నడుమ మూడవ ప్రశ్న యొకటి చాలకాలము మరుగుపడి యుండెను. కయోటీకై పన్నిన బోనులో కయోటీ కాక మఱియొక ప్రాణి పడినచో దాని సంగతి యేమి? ఈ వ్యాసమున మేము ఆ మూడవ ప్రశ్న యొక్క చరిత్రను మాత్రమే పరిశీలింపబూనితిమి.

ఈ పరిశీలనమున మాకు తోచిన ప్రధానాంశమును మొదటనే చెప్పుట మంచిది. ఇతర జంతువులు పట్టుబడుట యాదృచ్ఛికమను పేరుతో చాలకాలము ప్రక్కకు నెట్టబడినది. దానిని లెక్కించుట ఆరంభమైన పిమ్మటనే దాని కారణములు బయలుపడెను. కారణములు తెలిసిన పిమ్మటనే ఉపాయములు పుట్టెను. మఱియొక విశేషము. బోను చూచుటకు విషముకంటె క్రూరముగ కన్పట్టును. అయినను బోను తన తప్పును తెల్లవారువరకు పట్టియుంచి చూపును. విషము తన తప్పును దాచును. తప్పు కనబడు చోటనే దిద్దుబాటునకు అవకాశము కలదు. ఈ భేదమే యీ చరిత్రను నడపినదని మా అభిప్రాయము.

పరిభాష

తెలుగున వేటసాధనములకు పేరులు కొఱతపడలేదు. త్రాటితోగాని, తీగతోగాని పన్ని జంతువును బిగించునది ఉచ్చు. దానికే ఉరి యనియు పేరు. దారముల అల్లిక వల. లోనికి వచ్చిన జంతువును బంధించునది బోను. అమెరికా దేశపు కయోటీవేటలో ప్రధానమైన సాధనము ఈ మూడింటిలో దేనియందును చక్కగా ఇమడదు. అది రెండు ఉక్కు దవడలును, వానిని మూయు స్ప్రింగులును, నడుమ ఒక తొక్కుడుపళ్ళెమును గల యంత్రము. దానిని నేలలో పాతి పలుచగా మన్ను కప్పుదురు. జంతువు పళ్ళెముపై కాలుంచగనే దవడలు మూసికొని పాదమును పట్టును. దీనిని మేమీ వ్యాసమున 'కాలిబోను' అని వ్యవహరింతుము. తీగతో చేసినదానిని 'ఉచ్చు' అనియే అందుము.

వేటగాడు ఉద్దేశించిన జంతువు 'ఉద్దిష్ట జంతువు'. ఉద్దేశింపకయే పట్టుబడినది 'అనుద్దిష్ట జంతువు'. సాధనము ఉద్దిష్ట జంతువును మాత్రమే పట్టి తక్కినవానిని విడుచు గుణమునకు 'వివేచన' అని పేరు పెట్టితిమి. ఈ మాటలు మనకు అక్కరలేనివి కావు. అడవిపందుల బారినుండి పైరును కాపాడుకొనుటకై పొలముల అంచులందు పన్నిన ఉచ్చులలో చిరుతపులులును, ఎలుగుబంట్లును చిక్కుట తెలుగు సీమలందును జరుగుచునే యున్నది. అట్టి సంఘటనలను గూర్చి 'ప్రమాదవశమున' అని వ్రాసి ముగించుట పరిపాటి. ఆ మాట ఎంతవరకు తగునో ఈ వ్యాసాంతమున విచారింతుము.

జంతువును, యంత్రమును

కయోటీ అను పేరు మెక్సికో దేశపు ప్రాచీన జనుల భాషయైన నావాటిల్‌లోని 'కొయొట్ల్' అను పదమునుండి స్పానిషు భాష ద్వారమున ఆంగ్లమునకు వచ్చినది. శాస్త్రజ్ఞులలో దీనిని మొదట వర్ణించి నామకరణము చేసినవాడు థామస్ సే. అది 1823వ సంవత్సరము. ఈ జంతువు మన నక్క చెందిన ప్రజాతికే చెందినది; ఆకారమున నక్కకును, తోడేలునకును మధ్యస్థముగ నుండును. పశ్చిమ ప్రాంతములందు పెరిగిన కయోటీ సాధారణముగా 9 మొదలు 16 కిలోల వరకు తూగును. ఈ బరువును పాఠకులు గుర్తుంచుకొనవలెను. మన కథలోని చిక్కులు అనేకము దీనినుండియే పుట్టినవి.

కయోటీ తిరుగు నేలపైననే మఱి యెన్నియో ప్రాణులు తిరుగును. స్విఫ్ట్ నక్క, కిట్ నక్క అను చిన్న నక్కలు రెండు మూడు కిలోలకు మించవు. స్కంకులు, రకూనులు, ఒపోసములు, పెద్ద కుందేళ్ళు కలవు. నేలను త్రవ్వు బ్యాడ్జరు, ముళ్ళపంది కలవు. బాబ్‌క్యాట్ అను అడవిపిల్లి బరువున కయోటీకి సమీపమునకు వచ్చును. ఆకాశమునుండి కళేబరమును చూచి దిగు గోల్డెన్ ఈగిల్ అను పెద్ద గ్రద్ద కలదు. వీనికి తోడు జింకలు, పశువులు, మనుష్యులు పెంచుకొను కుక్కలు. ఇన్ని పాదములు నడచు నేలలో ఒక పాదమునకై యంత్రమును పాతుట యనగా తక్కిన పాదములను గూర్చి కూడ ఒక నిర్ణయము చేయుటయే.

కాలిబోనును విరివిగా వాడుకలోనికి తెచ్చినవాడు న్యూయార్కు రాష్ట్రమునకు చెందిన స్యూయెల్ న్యూహౌస్. 1848లో ఒనైడా అను చోట స్థిరపడిన మతసామ్యవాద సమాజమున అతడు చేరిన పిమ్మట ఆ సమాజము బోనుల తయారీని పెద్ద పరిశ్రమగా వృద్ధిచేసెను. 1865లో అతని పేర వేటగాండ్ర కరదీపిక యొకటి వెలువడెను. ఒనైడా బోనులు పరిమాణమునుబట్టి అంకెలతో వ్యవహరింపబడెను. చిన్న అంకె చిన్న జంతువునకు, పెద్ద అంకె ఎలుగుబంటి వంటి పెద్ద జంతువునకు. కయోటీకి తరచుగా వాడబడినవి 3, 4 అంకెల బోనులు. బోనునందలి మొదటి వివేచన ఈ పరిమాణభేదమే యని చెప్పవచ్చును. కాని యిది ఏకపక్షమైన వివేచన. చిన్న బోను పెద్ద జంతువును నిలుపజాలదు. పెద్ద బోను మాత్రము చిన్న జంతువును పట్టక మానదు. పైపెచ్చు, పెద్ద జంతువునకై చేసిన స్ప్రింగుల బలము చిన్న జంతువు కాలిని అధికముగ గాయపఱచును.

ప్రభుత్వ ప్రవేశము

1915లో అమెరికా కాంగ్రెసు తోడేళ్ళను, కయోటీలను, తదితర మాంసాహార జంతువులను నశింపజేయుటకై 1,25,000 డాలర్లను మంజూరు చేసెను. ఆ పని వ్యవసాయశాఖలోని జీవశాస్త్ర సర్వే కార్యాలయమునకు అప్పగింపబడెను. అంతవరకు బొచ్చు కొఱకో, బహుమతి కొఱకో ఎవరికి వారు చేసిన వేట దీనితో జీతము తీసికొను ఉద్యోగుల వృత్తియయ్యెను. 1920లో నిర్మూలన పద్ధతుల పరిశోధనకై ఆల్బుకర్క్ నగరమున ఒక ప్రయోగశాల స్థాపింపబడి, మఱుసటి సంవత్సరము డెన్వరునకు తరలింపబడెను. 1931 మార్చి 2వ తేదీని వెలసిన జంతునష్ట నియంత్రణ చట్టము ఈ కార్యక్రమమునకు శాశ్వతమైన ఆధారము కల్పించెను.

ఇచ్చట గమనింపదగిన దొకటి కలదు. ఉద్యోగి పనిని కొలుచుటకు కొలమానము కావలయును. చచ్చిన మాంసాహార జంతువుల సంఖ్యయే ఆ కొలమానమయ్యెను. కార్యాలయపు నివేదికలు ప్రధానముగా ప్రకటించినవి చంపబడిన తోడేళ్ళ, కయోటీల, బాబ్‌క్యాట్‌ల, కూగరుల సంఖ్యలనే. దేనిని లెక్కింతుమో దానినే పెంచుటకు మనుష్యుడు యత్నించును. లెక్కకు రాని దానిని తగ్గించుటకు అతనికి ప్రోత్సాహము లేదు. ఇది ఆ ఉద్యోగుల నిర్దయకు నిదర్శనమని మేము చెప్పుట లేదు. లెక్కపుస్తకపు స్వభావమును మాత్రమే చెప్పుచున్నాము.

ఇక సాధనముల విషయమున బోనుకంటె విషమే చౌకయని తేలెను. ఒక్క మనుష్యుడు బోనులను కొన్నింటిని మాత్రమే పన్ని చూచుకొనగలడు. విషపు ఎరలనో వేనవేలుగ వెదజల్లవచ్చును. మొదట స్ట్రిక్నిను వాడుకలో నుండెను. 1940 దశకమున 1080 అను అంకెతో ప్రసిద్ధమైన సోడియం ఫ్లోరోఅసిటేటు వచ్చెను. ఈ విషములు కలిపిన మాంసమును కయోటీ తినినట్లే నక్కయు, బ్యాడ్జరును, గ్రద్దయు, కుక్కయు తినును. తినిన జంతువు అచ్చటనే చావదు. దూరముగ పోయి కలుగులోనో, పొదలోనో చచ్చును. కావున విషము వలన చచ్చిన అనుద్దిష్ట జంతువుల సంఖ్యను సరిగా నిర్ణయించుట ఎవరి తరమును కాకపోయెను.

విషమువలని నష్టమునకు స్విఫ్ట్ నక్క కథ మంచి నిదర్శనము. ఈ చిన్న జంతువు గొఱ్ఱెలకు ప్రమాదకారి కాదు. ఎలుకలు, కీటకములు, కుందేళ్ళు దీని ఆహారము. పైగా జంకు తక్కువ. ఎరను చూచి అనుమానింపదు. తోడేళ్ళకును, కయోటీలకును ఉద్దేశించిన విషములును, బోనులును, దానికి తోడు గడ్డిమైదానములు పొలములుగ మారుటయు కలిసి దానిని విశాల ప్రదేశమునుండి తుడిచివేసినవి. కెనడా దేశమున ఈ జాతి లుప్తమైనదని 1978లో ప్రకటింపబడెను. 1983 మొదలు పెంచిన నక్కలను తెచ్చి మరల మైదానములందు విడువవలసి వచ్చెను. ఎవరును ఉద్దేశింపని నష్టము ఒక దేశమున ఒక జాతిని లేకుండ చేయగలదని దీనివలన తెలియుచున్నది.

విమర్శ

ఈ పద్ధతులపై శాస్త్రజ్ఞుల విమర్శ త్వరగానే ఆరంభమైనది. 1924లో అమెరికా సస్తనజంతు శాస్త్రజ్ఞుల సంఘము తన సమావేశమున ఈ విషయమును చర్చకు తెచ్చెను. 1940లో అడాల్ఫ్ మ్యూరీ యెల్లోస్టోన్ ఉద్యానవనమందలి కయోటీని గూర్చి ప్రకటించిన గ్రంథము, ఈ జంతువు ఆహారమును ప్రత్యక్షముగ పరిశీలించి, అది ఇతర మృగముల సంఖ్యను నాశనము చేయుచున్నదను నమ్మకమునకు ఆధారము లేదని చూపెను. ఆ సంవత్సరముననే బాల్డ్ ఈగిల్ రక్షణచట్టము వచ్చెను. 1962లో గోల్డెన్ ఈగిల్ కూడ ఆ చట్టపరిధిలో చేర్చబడెను. కయోటీ బోనులో గ్రద్ద పడుట దీనితో వేటగాని సొంత విషయము కాక చట్టమునకు సంబంధించిన విషయమయ్యెను.

1964లో అంతరంగశాఖ కార్యదర్శి స్ట్యూవర్ట్ యుడాల్ నియమించిన సలహామండలి తన నివేదికను సమర్పించెను. మండలి అధ్యక్షుడు ఏ. స్టార్కర్ లియోపోల్డ్. నష్టము చేసిన జంతువునకే నియంత్రణ పరిమితము కావలెననియు, జాతినంతను ఎడాపెడా చంపుట అవసరమునకు మించిన పని యనియు ఆ నివేదిక సారము. 1971లో స్టాన్లీ కెయిన్ అధ్యక్షతన మఱియొక సంఘము ఇదే విషయమును విచారించెను. తత్ఫలితముగ 1972 ఫిబ్రవరి 8వ తేదీని అధ్యక్షుడు నిక్సన్ 11643 సంఖ్యగల ఉత్తరువు వెలువరించి, కేంద్రప్రభుత్వ భూములపైనను, కేంద్రప్రభుత్వ కార్యక్రమములందును మాంసాహార జంతువులపై విషప్రయోగమును నిషేధించెను. తరువాతి నెలలో పర్యావరణ రక్షణసంస్థ ఈ పనికి స్ట్రిక్నిను, సయనైడు, 1080ల నమోదును రద్దుచేసెను. ఈ నిషేధము కాలక్రమమున కొంత సడలినది. అధ్యక్షుని ఉత్తరువు 1982లో ఉపసంహరింపబడెను. అయినను 1972 ఈ చరిత్రయందు ఒక మలుపు. విషము వెనుకకు పోగా బోనుపై భారము పెరిగెను. బోనుపై భారము పెరుగుటతో దాని తప్పులపై దృష్టి పడెను.

మూడు అంచెల ఉపాయములు

బోనునందలి అనుద్దిష్ట జంతువుల రక్షణకు పుట్టిన ఉపాయములను మేము మూడు అంచెలుగ విభజించుచున్నాము. మొదటిది జంతువు బోను చెంతకు రాకుండ చూచుట. రెండవది వచ్చినను బోను మూయకుండ చూచుట. మూడవది పట్టుబడినను బ్రతికి బయటపడునట్లు చూచుట.

మొదటి అంచెకు సంబంధించినవి స్థలము, ఎర, కాలము. గ్రద్దలు ఆహారమును కంటితో వెదకును. వాసనతో కాదు అనదగినంతగ గోల్డెన్ ఈగిల్ చూపుపై ఆధారపడును. కావున బయలుగ కనబడు మాంసము ప్రక్కన బోను పన్నుట యనగా గ్రద్దను పిలుచుటయే. బయటకు కనబడు ఎరకుగాని, కళేబరమునకుగాని 30 అడుగుల లోపల బోనులను, ఉచ్చులను పన్నరాదను నియమము కేంద్రసంస్థ నిబంధనలలోను, కొన్ని రాష్ట్రముల చట్టములలోను చేరినది. ఎర జాతి కూడ ముఖ్యమే. మాంసపు వాసన స్కంకును, రకూనును, ఒపోసమును ఆకర్షించును; కయోటీ మూత్రమును, గ్రంథిద్రవ్యములను వాడినచో ఆ వాసనయందు ఆసక్తి చూపునవి ప్రధానముగా కుక్కజాతి జంతువులు. కంచెల సందులలోను, జింకలు నడచు త్రోవలందును ఉచ్చులు పన్నకుండుట, మనుష్యులు కుక్కలతో తిరుగు దారులకు దూరముగ నుండుట, పశువులు మేయు కాలమున ఆ బీడును విడుచుట – ఇవన్నియు ఈ అంచెలోనివే. వీనికి యంత్రముతో పనిలేదు. నేలను చదువుట వచ్చిన చాలును.

రెండవ అంచె యంత్రమునకు సంబంధించినది. కాలిబోను పళ్ళెమును ఒక చిన్న గొళ్ళెము నిలిపియుంచును. పళ్ళెము దిగినచో గొళ్ళెము జారి దవడలు మూసికొనును. సాధారణముగ ఈ పళ్ళెము స్వల్పమైన ఒత్తిడికే దిగును. పళ్ళెము క్రింద తగిన ప్రతిఘటన నిచ్చు ఉక్కురేకునో, స్ప్రింగునో అమర్చినచో నిర్ణీతమైన బరువు పడువరకు అది కదలదు. నడచు జంతువు తన బరువునంతను ఒక పాదముపై మోపదు. నాలుగు పాదములకు పంచును. రెండు కిలోల నక్క పాదము మోపు ఒత్తిడికిని, పండ్రెండు కిలోల కయోటీ పాదము మోపు ఒత్తిడికిని నడుమ చక్కని ఎడము కలదు. ఈ ఎడములో ఒక గీత గీయుటయే ఈ ఉపాయము.

డెన్వరు పరిశోధకులకు చెందిన లిన్‌హార్ట్, డాష్, టర్కోస్కీలు 1981లో గాయములను తగ్గించుట, వివేచనను పెంచుట అను రెండు విషయములను కలిపి చర్చించిరి. 1984లో టర్కోస్కీ, ఆర్మిస్టెడ్, లిన్‌హార్ట్‌లు పళ్ళెపు ప్రతిఘటన సాధనములను క్షేత్రమున పరీక్షించిన ఫలితములను ప్రకటించిరి. నక్కలు, స్కంకులు, కుందేళ్ళు మొదలగు చిన్న జంతువులు అధికభాగము బోనును తొక్కియు పట్టుబడక పోయినవని తేలెను. 1996లో ఫిలిప్స్, గ్రూవర్‌లు ఇట్టి సాధనమునే సుమారు 1.8 కిలోల ప్రతిఘటనకు సరిచేసి మూడు రకముల బోనులపై పరీక్షింపగా, పళ్ళెముపై కాలిడిన చిన్న జంతువులలో 90 శాతమునకు మించి తప్పించుకొనినవి.

ఈ ఉపాయమును వేటగాండ్రు అంగీకరించుటకు దయయే కారణము కానక్కరలేదు. రాత్రి మొదటి జామున స్కంకు పడిన బోను తెల్లవారువరకు కయోటీకి పనికిరాదు. అనుద్దిష్ట జంతువును తప్పించుట వేటగానికిని లాభమే. జాలియు, లాభమును ఒకే దిశను చూపిన చోట సంస్కరణము సులభమగునను సామాన్యసూత్రమునకు ఇది మంచి ఉదాహరణము.

ఉచ్చులయందు సమస్య తలక్రిందులుగ నుండును. అచ్చట భయము చిన్న జంతువును గూర్చి కాదు, పెద్ద జంతువును గూర్చి. జింకయో, ఆవుదూడయో చిక్కి లాగినచో తెగిపోవునట్లు బలహీనమైన కొక్కెమును ఉచ్చు తాళమున అమర్చుదురు. కయోటీ బలమునకు అది తెగదు. ఉచ్చు పూర్తిగ బిగియక జింక కాలు జారిపోవునట్లు తీగపై ఒక అడ్డును కూడ బిగింతురు. కాని చిన్న జింకపిల్ల బలము కయోటీ బలమునకు మించదు. కావున ఈ గీత అన్ని వయస్సుల జింకలకు వర్తింపదు.

మూడవ అంచె పట్టుబడిన పిమ్మటిది. 1965లో బాల్సర్ అను పరిశోధకుడు బోను దవడకు మత్తుమందు పొట్లమును కట్టు పద్ధతిని వివరించెను. పట్టుబడిన జంతువు దవడను కొఱుకగా మందు లోనికి పోయి అది శాంతించును. తన కాలిని తాను చీల్చుకొనదు. 1980 దశకమున రబ్బరు పూతగల దవడల బోనులు అంగళ్ళకు వచ్చినవి. దవడల నడుమ ఖాళీ వదలుట, గొలుసునకు తిరుగు కీళ్ళు అమర్చుట కూడ గాయములను తగ్గించుటకే. అన్నింటికంటె ముఖ్యమైనది బోనును చూచు వ్యవధి. కొన్ని రాష్ట్రములందు 24 గంటల కొకసారి చూడవలెనను నియమము కలదు. మఱికొన్నింట అంతకు మించిన గడువు కలదు. ఎంత మెత్తని దవడయైనను మూడు దినములు ఎవరును రానిచో నక్కను బ్రతికింపలేదు. యంత్రము చేయగల దయకు మనుష్యుని నడకయే హద్దు.

వివేచనకు హద్దులు

పళ్ళెపు ప్రతిఘటన బరువును మాత్రమే ఎఱుగును. బాబ్‌క్యాట్, లింక్స్, బ్యాడ్జరు, కుక్క – ఇవి కయోటీకి సమీపమైన బరువు గలవి. అందును కుక్క బరువున, నడకయందు, వాసనయందలి ఆసక్తియందు కయోటీకి సాటి. కయోటీ మూత్రము కుక్కనుకూడ పిలుచును. కావున మొదటి అంచెలోని ఎర యుక్తియు, రెండవ అంచెలోని బరువు యుక్తియు కుక్క ముందు ఒకేసారి ఓడిపోవును. మిగిలినది స్థలమును విడుచుట మాత్రమే.

1970 దశకమునుండి గొఱ్ఱెలమందలకు కాపలాగ ప్రత్యేకజాతుల కుక్కలను పెంచు పద్ధతి అమెరికాలో వ్యాపించెను. కయోటీని చంపకయే మందను కాచు ఉపాయము ఇది. కాని కాపలా కుక్క తిరుగు మేతబీటిలోనే బోనును పన్నినచో రక్షకుడే బందీ యగును. రెండు మంచి ఉపాయములు ఒక చోట కలిసి ఒకదాని నొకటి చెఱచుటకు ఇది తార్కాణము.

విషము విషయమునను వివేచనకై యత్నములు జరిగినవి. ఎం-44 అను సాధనమున వాసనపూసిన గుబ్బను కొఱికి లాగినచో సయనైడు నోటిలోనికి చిమ్మును. కొఱికి లాగుట ముఖ్యముగ కుక్కజాతి లక్షణము. కావున పక్షులకు దీనివలన భయము తక్కువ. 1972 నిషేధము పిమ్మట 1975లో దీనికి మరల అనుమతి లభించెను. కాని కుక్కయు, స్విఫ్ట్ నక్కయు కొఱికి లాగునవే. మనుష్యుడు చేతితో లాగినను అది పనిచేయును. 2017 మార్చిలో ఐడహో రాష్ట్రమందలి పోకటెల్లో పట్టణము చెంత ఒక బాలుడు దానిని ముట్టగా సయనైడు చిమ్మెను. బాలుడు అస్వస్థుడయ్యెను, వెంటనున్న కుక్క చనిపోయెను. 2023 నవంబరులో కేంద్ర భూనిర్వహణ కార్యాలయము తన అధీనమందలి భూములపై దీని వాడకమును నిలిపివేసెను.

వివేచనయందు పరాకాష్ఠ అనదగినది గొఱ్ఱె మెడపట్టీ. కయోటీ గొఱ్ఱెను గొంతు వద్ద పట్టి చంపును. 1080 ద్రవము నింపిన సంచులను గొఱ్ఱె గొంతునకు కట్టినచో, గొఱ్ఱెపై దూకిన కయోటీయే ఆ సంచిని కొఱికి చచ్చును. దీనికి 1985లో అనుమతి లభించెను. జాతిని గాక నేరమునే శిక్షించు సాధనము ఇది యొక్కటే. లియోపోల్డ్ నివేదిక కోరినదియు ఇదియే. కాని దీనికి మూల్యము ఒక గొఱ్ఱె. మందలోని గొఱ్ఱెలకు పట్టీలు కట్టు శ్రమ మఱియొకటి. సంచి చిరిగినచో విషము నేలపాలగును. కావున ఇది విరివిగా వాడుకలోనికి రాలేదు. పూర్ణవివేచన సాధ్యమే యైనను అది చౌక కాదని ఈ మెడపట్టీ చరిత్ర చెప్పుచున్నది.

ప్రజాభిప్రాయము, ప్రమాణములు

1990 దశకమున ఈ చర్చ ప్రయోగశాలను దాటి ప్రజల ఓటుకు వచ్చినది. 1994లో అరిజోనా, 1996లో కొలరాడో, మసాచుసెట్స్, 1998లో కాలిఫోర్నియా, 2000లో వాషింగ్టన్ రాష్ట్రముల ఓటర్లు బోనుల వాడకమును వివిధ పరిమితులతో నిషేధించిరి. 2018లో న్యూ మెక్సికో రాష్ట్రమున ఒక పెంపుడు కుక్క ఉచ్చులో చిక్కి చనిపోగా, ఆ కుక్క పేరనే ప్రసిద్ధమైన చట్టము 2021లో వెలసి, 2022 ఏప్రిలు 1వ తేదీనుండి ప్రజాభూములపై బోనులను, ఉచ్చులను, విషములను నిషేధించెను. ఐరోపా ఆర్థిక సమాజము 1991లో కాలిబోనులను నిషేధించుచు, వానితో పట్టిన జంతువుల బొచ్చు దిగుమతిపై ఆంక్షలు విధించెను. ఆ ఒత్తిడి ఫలితముగ 1997లో అమెరికా ఐరోపాతో ఒక అంగీకారమునకు వచ్చెను. అప్పటినుండి రాష్ట్రముల వన్యప్రాణి సంస్థల సమాఖ్య బోనులను ఐదు గుణములందు పరీక్షించుచు ఉత్తమ పద్ధతుల పత్రములను వెలువరించుచున్నది. జంతువు క్షేమము, పట్టు సామర్థ్యము, వివేచన, వాడుకకు అనువు, మనుష్యుని భద్రత – ఇవియే ఆ ఐదు గుణములు. ఒకప్పుడు పట్టు సామర్థ్యము ఒక్కటియే కొలమానమై యుండిన సంగతి తలచినచో ఈ మార్పు విలువ తెలియగలదు.

లెక్కపుస్తకము కూడ మారినది. 1997లో వైల్డ్‌లైఫ్ సర్వీసెస్ అని పేరు మార్చుకొనిన కేంద్రసంస్థ ఏటేట ప్రకటించు పట్టికలలో ఉద్దేశించి చంపిన జంతువుల ప్రక్కన, ఉద్దేశింపక చంపిన జంతువులకును ఒక గడి కలదు. ఆ పట్టికల ప్రకారము ఇటీవలి సంవత్సరములందు కూడ ఏటా 50 వేలకు మించిన కయోటీలు చంపబడుచున్నవి. రెండవ గడిలోని సంఖ్యల యథార్థతను గూర్చి వాదములు ఉండవచ్చును. కాని ఆ గడి ఉండుటయే చరిత్రలో ఒక మెట్టు.

ముగింపు

'ప్రమాదవశమున' అను మాటను గూర్చి విచారింతుమని మొదట చెప్పియుంటిమి. అందుకు మెయిన్ రాష్ట్రపు సంగతి తోడ్పడును. 2000 మార్చిలో కెనడా లింక్స్ అను అడవిపిల్లి కేంద్రచట్టము క్రింద ప్రమాదమున నున్న జాతిగా ప్రకటింపబడెను. మెయిన్ అడవులలో ఇతర జంతువులకై పన్నిన బోనులలో లింక్సులు పడుచుండుటచే వివాదము న్యాయస్థానమున కెక్కెను. 2007లో ఒడంబడిక కుదిరి, లింక్సులు తిరుగు ప్రాంతములందు కాలిబోను దవడల వెడల్పునకు హద్దు ఏర్పడెను. 2014లో కేంద్ర వన్యప్రాణిశాఖ ఆ రాష్ట్రమునకు 'యాదృచ్ఛిక గ్రహణ' అనుమతిపత్రము నొసగెను. 15 సంవత్సరములలో పట్టుబడు లింక్సుల సంఖ్య 195కు మించరాదని అందు నిర్ణయింపబడినది; వానిలో చావదగిన సంఖ్యకును హద్దు కలదు.

ముందుగనే సంఖ్య వేయబడినదానిని యాదృచ్ఛికమనుట ఎట్లు? ఏ రాత్రి ఏ లింక్స్ ఏ బోనులో కాలిడునో తెలియదు, అది యాదృచ్ఛికమే. కాని ఇన్ని బోనులు, ఇట్టి నేలలో, ఇన్ని దినములు ఉంచినచో ఇంచుమించు ఇన్ని లింక్సులు పడునని తెలియును. అది యాదృచ్ఛికము కాదు, నిర్ణయము. ఒక్కొక్క సంఘటనకు దైవమును సాక్షిగ పిలువవచ్చును. మొత్తమునకు మనుష్యుడే బాధ్యుడు. అనుద్దిష్ట జంతువుల రక్షణచరిత్ర యంతయు ఈ రెండింటి భేదమును మెల్లగా గుర్తించిన చరిత్రయే యని మేము తలంచుచున్నాము.

పళ్ళెము క్రింది చిన్న ఉక్కురేకు, కళేబరమునకు ముప్పది అడుగుల ఎడము, ఇరువదినాలుగు గంటల గడువు – ఇవి చూచుటకు అల్పవిషయములు. కాని వీనిలో ఒక్కొక్కటియు అంతకు ముందు ప్రమాదమని పిలువబడిన దొకదానిని కర్తవ్యముగ మార్చినది. తెలుగు సీమలందు అడవి అంచున పన్నిన ఉచ్చులను గూర్చి వ్రాయబోవు పరిశోధకులు మొదట చేయవలసిన పని అనుద్దిష్ట జంతువునకు తమ పట్టికలో ఒక గడి నేర్పరచుట. తక్కిన దిద్దుబాట్లన్నియు ఆ గడినుండియే పుట్టవలెను.